మొత్తములో చేరని మార్కు

పదవతరగతి విద్యార్థికి మార్కులీయవలెనా, గ్రేడులీయవలెనా యను వాదము తెలుగునాట ఒక పుష్కరమునకు పైగా సాగుచున్నది. 2012 ఫలితములలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశము మార్కులను మఱుగుపఱచి గ్రేడులను చూపినది. విభజనానంతరము రెండు రాష్ట్రములును వెనుకకు మరలినవి: ఆంధ్రప్రదేశము 2022లోను, తెలంగాణము 2025లోను మార్కులను మరల ప్రకటించినవి. తమిళనాడు వేఱొక త్రోవ త్రొక్కినది. 2017లో మార్కులనుంచుకొని, మొదటి రెండవ స్థానములవారిని చాటు ఆచారమును మాత్రము విడిచిపెట్టినది.

ఇరుపక్షములందును కొంత సత్యము గలదు. ఒకే సమాధానమును ఇద్దరు పరీక్షకులు దిద్దినచో ఒకే మార్కు వచ్చునను భరోసా లేదు. కావున ఒక్క మార్కును బట్టి బాలుర హెచ్చుతగ్గులు నిర్ణయించుట తగదని గ్రేడుల పక్షమువారందురు. నిజమే. కాని గ్రేడునకును ఒక గీత యున్నది. ఆ గీతకు ఒక్క మార్కు దిగువను నిలిచినవాని బాధ తగ్గలేదు సరిగదా, హెచ్చినది. పత్రికలనిండ విద్యార్థుల బొమ్మలు వేయించు విద్యాసంస్థలు ర్యాంకులకు మారుగా పదికి పది పాయింట్లు చాటుకొన్నవి.

ఈ చిక్కును మన పూర్వులెఱుగకపోలేదు. మదరాసు రాజధానిలో మెట్రిక్యులేషనునకు బదులుగా 1911లో అమలునకు వచ్చిన యస్.యస్.యల్.సి. పత్రము, తొలిసంకల్పమునుబట్టి, ప్యాసు ఫెయిలు అని తీర్పు చెప్పునది కాదు. బడిలో వచ్చిన మార్కులును, సర్కారు పరీక్షలో వచ్చిన మార్కులును విషయమువారీగా అందు నమోదగుచుండెను. వానిని చదివి యోగ్యతను తేల్చుకొనుట కళాశాలల పని, కొలువిచ్చువారి పని. కాలక్రమమున ఆ పుస్తకము నందలి పుటలన్నియు మఱుగై, మొత్తమను ఒక్క అంకె మిగిలినది.

ఆ మొత్తము ఎంతటి అన్యాయము చేయగలదో తెలియుటకు 1734లో నేతగాండ్రకై వెలసిన చింతాద్రిపేట వంటి చోట్ల తెలుగిళ్లను చూచిన చాలును. 2006నాటి చట్టము తమిళమును తప్పనిసరి చేయగా, ఒకటవ తరగతినుండి దాని క్రింద చదివిన తొలి విద్యార్థులు 2016లో పదవతరగతి పరీక్షకు వచ్చిరి. ఆ యేర్పాటులో తెలుగు ఐచ్ఛికభాగమునకు జరిగి, దాని మార్కులు ఐదువందల మొత్తమునకు వెలుపల నిలిచినవి. న్యాయస్థానములు మినహాయింపులిచ్చినవి, 2023 ఫిబ్రవరిలో సర్వోన్నత న్యాయస్థానమును ఆ యేటికి మినహాయింపును పొడిగించినది. కాని యేటేట అడిగి తెచ్చుకొను మినహాయింపు హక్కు కానేరదు.

తమిళము నేర్వవలదని మనము వాదింపరాదు. ఉన్న ఊరి భాష నేర్చుట మర్యాద, ఉపయోగము కూడ. అయితే మొత్తములో చేరని పాఠమునకు బడి గంట కేటాయింపదు, తండ్రి పుస్తకము కొనడు, పిల్లవాడు రాత్రి దీపము ముందు కూర్చుండడు. నిషేధింపకయే ఒక భాషను బడినుండి సాగనంపుటకు ఇంతకు మించిన ఉపాయము లేదు.

కావున మార్కులా గ్రేడులా యను వాదమునకు ముందు తేలవలసిన ప్రశ్న వేఱొకటి కలదు: ఏది లెక్కకు వచ్చును? విద్యార్థి శ్రమించి నేర్చిన ప్రతివిషయమును, మాతృభాషతో గూడ, పత్రములో కనబడవలెను, యోగ్యతానిర్ణయమున చెల్లవలెను. చెన్నపురిలోని తెలుగు న్యాయవాదులును, వైద్యులును, ఉపాధ్యాయులును ప్రభుత్వమును అడుగవలసినది మినహాయింపు కాదు, ఈ లెక్క.