సభాసమాప్తి సంప్రదాయములు

సభ నారంభించు విధమును గూర్చి మనవారు విరివిగా వ్రాసిరి. నాందికి, ఇష్టదేవతాస్తుతికి లక్షణము లేర్పడినవి. సమాప్తిని గూర్చి విచారించినవారు తక్కువ. జనులు లేచిపోవుచుండగా జరుగు తంతు గదా యని దాని నుపేక్షించుట వాడుక. కాని తెరచినదానిని విధిగా మూయవలె ననునది పెక్కు సంప్రదాయములలో గట్టి నియమము. మూయుటకు ముందు, ఎవరికి రావలసినది వారికి ముట్టినదా యని చూచుటయే దాని ప్రాణము.

ఇది మిక్కిలి స్పష్టముగా గానవచ్చునది ఫ్రీమేసనుల లాడ్జీలలో. ఈ సంఘము 18వ శతాబ్దిలో ఆంగ్లేయులతో మన దేశమునకు వచ్చినది. హైదరాబాదులోని గోషామహలు బారాదరి ఆరవ నిజాము కాలమున, 1872లో, మేసనుల కీయబడెను. 1961 నవంబరు 24న భారత గ్రాండు లాడ్జి యేర్పడెను. వీరు తలుపులు మూసికొని కూడుటచే ఉత్తరదేశపు సామాన్యులు వీరి మందిరములను జాదూఘర్ అనిరి. లోపల ఇంద్రజాల మేమియు లేదు. ఆంగ్ల పద్ధతి ననుసరించు లాడ్జీలలో అధ్యక్షుడు తూర్పున, ప్రథమ వార్డెను పడమట, ద్వితీయ వార్డెను దక్షిణమున కూర్చుందురు. వాకిట టైలరు అను కావలివాడుండును. ముగించుటకు ముందు, సంఘము మేలుకొరకు చెప్పవలసినది గలదా యని అధ్యక్షుడు మూడు మారులడుగును. ధర్మార్థము చందాలు కూర్తురు. వాకిలి భద్రముగా నున్నదా యని పరీక్షింతురు. సూర్యుడు పడమట గ్రుంకి దినమును ముగించునట్లు, పడమట కూర్చున్న ప్రథమ వార్డెనే అధ్యక్షుని యాజ్ఞపై సభను మూయును. ప్రతి సోదరునకు రావలసినది ముట్టినట్లు చూచుట యతని భారము. ప్రొద్దు గ్రుంకగనే రాతిపనివారికి కూలి యిచ్చి పంపు నాచారమునకిది ఛాయ. తుదకు మతగ్రంథమును మూసి, దానిపైనున్న మూలమట్టమును వృత్తలేఖినిని తీయుదురు. మన దేశపు లాడ్జీలలో సభ్యుల మతముల ననుసరించి పలు గ్రంథము లుంచుట గలదు.

బాకీ తీర్చి గాని పని ముగింపరా దను నీ భావము మనకు క్రొత్తది కాదు. హోసూరు, కృష్ణగిరి సీమల పల్లెలలో ధర్మరాజునకు, ద్రౌపదీదేవికి చేయు భారతపు పండుగనే చూడుడు. ధ్వజమెత్తిన పిమ్మట దినదినమును పగలు హరికథ, రాత్రి వీధినాటకము నడచును. పదునెనిమిది దినములు సాగుట ప్రసిద్ధము. ఊరి శక్తిని బట్టి హెచ్చుతగ్గులుండును. కథ ఎంత రసవంతముగా జరిగినను, తుది దినపు తంతు జరుగనిదే పండుగ జరిగినట్లు కాదు. బయట మైదానమున మంటితో దుర్యోధనుని పెద్ద రూపమును పరుండబెట్టినట్లు చేయుదురు. వేషధారులైన భీమ దుర్యోధనులు దాని చుట్టును తిరిగి పోరాడుదురు. భీముడు తొడను కొట్టగా, అచ్చటి యెఱ్ఱని ద్రవమును ద్రౌపది కురులకు పూసి ముడి వేయుదురు. నిండు కొలువున పలికిన ప్రతిజ్ఞ యిన్ని దినములకు చెల్లినది. సాయంకాలమున అగ్నిగుండము త్రొక్కుదురు. మ్రొక్కుకొన్నవారి బాకీ అచ్చట చెల్లును. పిదప ధర్మరాజ పట్టాభిషేకము జరుగును, ఎత్తిన ధ్వజము దిగును. యుద్ధముతో ఆపివేసినచో ఊరికి కీడని పెద్దలు తలచుట సహజమే. కథలో చచ్చినవారిని వదలి, రాజ్యము నిలిచినదని విని జనులు ఇండ్లకు మరలవలెను.

భజనలలో ఈ విధి మఱింత సున్నితముగా నుండును. కర్పూరహారతి, మంగళము, తీర్థప్రసాదములు వరుసగా నడచును. ఆలస్యముగా వచ్చినవానికిని ప్రసాదము తప్పదు. పాట వినలేదని యెవ్వరును అడుగరు. సంగీతసభలలోను మంగళము ముగియక మునుపు లేచుట మర్యాద కాదు. ఇచ్చట తెలుగువారు గమనింపవలసిన దొకటి గలదు. తిరువయ్యారు త్యాగరాజస్వామి సౌరాష్ట్ర రాగమున రచించిన మంగళకృతితో కచేరి ముగించుట తమిళదేశమంతట నేటికిని వాడుక. అనగా మద్రాసు సభలలో తెలుగు రాని విద్వాంసుని నోటను, తెలుగు రాని శ్రోత చెవిని, తుదిమాట తెలుగుమాటయే.

హోసూరు ప్రాంతమున తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు వేలకొలది యున్నవి. తమిళనాట 2006లో చేసిన తమిళ విద్యాచట్టము ఒకటవ తరగతితో ప్రారంభమై, యేటేట నొక్కొక్క తరగతి పైకెక్కి, 2016 నాటికి పదవ తరగతిని చేరెను. దానిపై న్యాయస్థానములలో వాదములు నడచినవి. తమిళము నేర్చుట మేలే. అందుచే తెలుగు అక్షరము బడిలో చోటు కోల్పోవుట వేఱు సంగతి. తెలుగు చదువనేరని బాలికకును, అమ్మమ్మతో కూర్చుండి విన్న మంగళహారతి మాత్రము వచ్చును. చెవితో వచ్చిన పాటకు అర్థ మడిగినచో తెల్లబోవును.

నేటి సంఘసభలు తమిళతాయి వాళ్త్తుతో మొదలై, వందనసమర్పణముతోను జనగణమనతోను ముగియును. వందనసమర్పణము గూడ బాకీ తీర్చుటయే. చందాదారులు, వంటవారు, మైకు పెట్టినవారు పేరుపేరున తలంపబడుదురు. కుర్చీల చప్పుడులో ఆ పేర్లు వినబడకుండుట విచారకరము. ఈ రెంటి నడుమ ఒక మంగళహారతిని చేర్చుటకు అయిదు నిమిషములు చాలును. పాటను పెద్ద తెలుగు అక్షరములతో ఒక పుటగా అచ్చువేయించి ముందుగానే పిల్లల చేతికిచ్చినచో, నోటికి వచ్చిన పాట వెంట వ్రేలు అక్షరముపై నడచును.