కొండపాటకు కూలియా, పాలా?



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము సంగీతమే యైనను, రాగతాళముల చర్చ యిందు లేదు. పాడువాని యన్నమునుగూర్చిన చర్చయే యిందు గలదు. అరకు లోయయందును, దానిని చుట్టుకొనియున్న తూర్పుకనుమల గూడెములయందును మోరి యూదువారును, తుడుము వాయించువారును, థింసా యాడు స్త్రీలును గలరు. వారి పాట యిప్పుడు చేతిలోని ఫోనుద్వారా దేశదేశములు తిరుగుచున్నది. పాట తిరిగినచోటనెల్ల డబ్బును తిరుగుచున్నది. ఆ డబ్బు పాడినవాని గూడెమునకు వచ్చుచున్నదా? రానిచో నేల రాదు? వచ్చుటకై పెద్దలు చేయదగినదేమి? ఈ మూడు ప్రశ్నలకును నాకు దెలిసినంతవరకు సమాధానము మనవి చేసెదను.

థింసా నెరుగనివారికొరకు ముందు రెండు మాటలు. పోరజ, భగత, వాల్మీకి, ఖోందు, కోటియా మొదలగు తెగలవారు చైత్రమాసపు ఇటికల పండుగనాడును, పెండ్లిండ్లయందును ఈ యాట నాడుదురు. స్త్రీలు ఒకరి నడుమునొకరు చేతులతో పెనవేసికొని వలయముగా నడుగులు వేయుదురు. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు దీనికి వాద్యములు. గ్రామదేవతకై యాడునది యొకటి, పులిబారినుండి తప్పించుకొను రీతిని చూపునది మరియొకటి, ఇట్లు అందు భేదములు పెక్కు గలవు. దీని కర్త యెవరని యడిగినచో, తాతలనాటినుండి వచ్చుచున్నదనియే యెవరైనను చెప్పుదురు. ఈ సమాధానమునందే మన చిక్కంతయు నిమిడియున్నది.

పూర్వము పాటయు పాటకాడును విడివడి యుండెడివారు కారు. పాట కావలసినవాడు పాటకాని పిలువవలెను, అన్నము పెట్టవలెను, సంభావన యీయవలెను. 1902లో కలకత్తానగరమున గౌహర్ జాన్ పాటను గ్రామఫోను పళ్ళెములకెక్కించిననాడు పాట మనిషినుండి విడివడినది. మనిషి యింటనుండగా నాతని గొంతు బజారున అమ్ముడుపోజొచ్చినది. పిమ్మట రేడియో వచ్చినది, టేపు వచ్చినది. ఇప్పుడు ఫోను వచ్చి పళ్ళెమును, దుకాణమును గూడ తొలగించినది. అరకు చూడవచ్చిన ప్రయాణికుడు థింసాను ఫోనులో పట్టుకొని రైలెక్కిపోవును. దానిని లక్షమంది చూచినను, ఆడిన స్త్రీకి ఆనాటి కూలి తప్ప మరేమియు ముట్టదు.

ఇచ్చట కూలికిని పాలుకును గల భేదమును మనము గుర్తింపవలెను. పొలములో కూలికి దిగినవాడు సాయంకాలము డబ్బు పుచ్చుకొని పోవును. పంట విరివిగా పండినను వానికి హెచ్చు రాదు. పాలుకు చేసినవానికి పంట పెరిగినకొలది భాగము పెరుగును. సంగీతములో నట్టి భాగమునే రాయల్టీ యందురు. పాట యొక్కమారు వినబడి యంతమగు కాలమున కూలి న్యాయమే. వేయేండ్లయినను వినబడగల యీ కాలమున కూలి చాలదు.

ఈ సంగతిపై లోకమున సభలు చాల జరిగినవి. 2001లో అమెరికా రాజధానియగు వాషింగ్టనునందు ఫ్యూచర్ ఆఫ్ మ్యూజిక్ కొయలిషన్ అను సంఘము గాయకులను, వర్తకులను, న్యాయవాదులను ఒక్కచోట కూర్చి, ఇంటర్నెట్టు కాలమున పాటకాడు బ్రదుకుటెట్లని చర్చ జరిపినది. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ 2000లో జానపద కళలను గూర్చియు సంప్రదాయ విజ్ఞానమును గూర్చియు నొక ప్రత్యేక సమితిని నియమించినది. 2024 మే నెలలో జన్యువనరులనుగూర్చి యొక ఒడంబడిక కుదిరినది గాని, జానపద గీతములకట్టి ఒడంబడిక యింకను కుదురలేదు.

సభలలో తేలని సంగతిని ఒక ముసలి రైతు న్యాయస్థానమున కొంతవరకు తేల్చెను. తైవాను ద్వీపమున అమిస్ అను ఆదివాసి తెగకు చెందిన కువో యింగ్ నాన్, ఆయన భార్య 1988లో ఐరోపాకు బోయి తమ తెగపాటను పాడిరి. అది రికార్డయ్యెను. ఎనిగ్మా యను జర్మనుదేశపు సంగీతబృందము ఆ గొంతులను తమ పాటలో చేర్చి 1993లో వెలువరించినది. 1996 అట్లాంటా ఒలింపిక్ క్రీడల ప్రచారమునందును దానిని వాడిరి. లోకమంతయు విన్న యా పాటపై వృద్ధదంపతుల పేరు లేదు. వారు 1998లో అమెరికాలో దావా వేసిరి. 1999లో రాజీ కుదిరి, పిమ్మటి ముద్రణలలో వారి పేరును, వారి పాలును ఒప్పుకొనబడెను. పాటకు కర్త లేకపోయినను పాడిన గొంతుకు సొంతదారు గలడని యా వ్యాజ్యమువలన లోకము నేర్చుకొన్నది.

మన దేశపు చట్టమును ఇంచుమించు నీ మాటనే చెప్పుచున్నది. 1957 నాటి కాపీరైటు చట్టము కర్తకు ఆయన జీవితకాలమును, ఆపైన 60 ఏండ్లును హక్కునిచ్చును. తాతలనాటి పాటకు కర్త తెలియడు గనుక ఆ హక్కు దానికి చెల్లదు. కాని 1994లో చేసిన సవరణవలన ప్రదర్శకునికి వేరుగ నొక హక్కు కలిగినది. ప్రదర్శకుడనగా నెవరు? గాయకుడు, వాద్యకాడు, నర్తకుడు మొదలుకొని దొమ్మరివాడు, పాములవాడు వరకు చట్టము పేరుపేరున చెప్పినది. అట్టిచో మన మోరికాడు ప్రదర్శకుడు కాకపోవునా? ఈ హక్కు 50 ఏండ్లుండును. సొంతముగ విని యానందించుటకు, బోధనకు, వార్తలకు తప్ప, ఆతని యనుమతి లేక ప్రదర్శనను రికార్డుచేయరాదు. 2012 సవరణవలన వ్యాపారమునకు వాడినప్పుడు రాయల్టీయు, పేరు చెప్పించుకొను హక్కును గట్టిపడినవి. సినిమాలో చేర్చుకొనుటకు వ్రాతమూలకముగ నొప్పుకొన్నవాడు పిమ్మట సినిమా నాపలేడు గాని, వ్యాపారపు వాడుకలో రాయల్టీ నడుగవచ్చును. హక్కును వ్రాసియిచ్చునప్పుడు గడువు వ్రాయనిచో 5 ఏండ్లనియు, ప్రదేశము వ్రాయనిచో భారతదేశము మాత్రమేయనియు చట్టము భావించును.

చట్టమున్నను డబ్బు వెంటనే వచ్చునని నేను చెప్పజాలను. స్పాటిఫై యను సంస్థ 2024 నుండి, గడచిన 12 నెలలలో 1000 మారులైనను వినబడని పాటకు పాలు లెక్కించుట మానినది. యూట్యూబులో ప్రకటనల రాబడి పొందుటకు 1000 మంది చందాదారులుండవలెను. ఏడాదిలో 4000 గంటల వీక్షణము సాధారణ నియమము. చిన్న గూడెపు బృందమునకిది ఎత్తైన గడపయే. కీర్తి వచ్చినంతమాత్రమున కూడు రాదనుటకు 12 మెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగులయ్యగారు సాక్షి. ఆయన పాట సినిమాలో మారుమ్రోగినది, 2022లో పద్మశ్రీ వచ్చినది; 2024లో ఆయన దినకూలిగ పనిచేయుచున్నారని పత్రికలు వ్రాసినవి.

కొందరు పెద్దలు వేరొక మాట యందురు: పాట యందరిది, దానికి వెలకట్టినచో పొరుగూరివారు పాడుటయే మానుదురు. ఈ భయము త్రోసిపుచ్చదగినది కాదు. థింసాను మనవైపుననేగాక ఎల్లకావల కొరాపుట్టు ప్రాంతమునను ఆడుదురు. ఇది మా యొక్క యూరిదేయని పత్రము తెచ్చుకొన్నచో అన్నదమ్ములనడుమ గోడ కట్టినట్లగును. అరకు కాఫీకి 2019లో భౌగోళిక సూచిక వచ్చినదిగదా, పాటకేల రాదని యడుగవచ్చును. ఆ చట్టము వస్తువులకేగాని ఆటపాటలకు వర్తింపదు. కావున నా యభిప్రాయమిది: పాట నెవరును కంచెవేసి బంధింపరాదు; పాడినవాని గొంతును అమ్ముకొనువాడు మాత్రము పాలీయక తప్పించుకొనరాదు. పెండ్లిలో పాడు పొరుగువాడు బంధువు, రికార్డుచేసి అమ్మువాడు వర్తకుడు. ఇద్దరికి నొకే కొలత పనికిరాదు.

ఇక పెద్దలు చేయదగిన పనులు. మొదటిది, ఎవరైన యంత్రములతో వచ్చి పాడుమనినప్పుడు ఎందులకని యడుగవలెను. వ్యాపారమునకైనచో పాడినవారి, ఆడినవారి, వాయించినవారి పేర్లు, ఊరిపేరు, సొమ్ము, గడువు, పాలు ఇవన్నియు తెలుగున వ్రాయించి, ఆదివాసీ ఒడియాయో కువియో మాటలాడువారికి వారి భాషలో చదివి వినిపించిన పిమ్మటనే వ్రేలిముద్ర వేయనీయవలెను. రెండవది, 1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో ప్రజల సంప్రదాయములను, సాంస్కృతిక ప్రత్యేకతను కాపాడు సామర్థ్యమును గ్రామసభకు గుర్తించినది. దేవతకు మాత్రమే వినిపింపదగిన పాట యేది, పరులకు వినిపింపదగినది యేది యని సభలో నిర్ణయించి పుస్తకమున నెక్కింపవలెను. మూడవది, ఊరివారే తమ పాటలను తేదీతో, పేర్లతో రికార్డుచేయించి పాఠశాలలోనో పంచాయతీలోనో దాచవలెను. రేపు వివాదము వచ్చినచో అదియే సాక్ష్యము. నాలుగవది, బృందము పేర బ్యాంకు ఖాతా తెరచి, వచ్చినదానిలో కొంత బాలురకు మోరి నేర్పుటకై వేరుచేయవలెను.

ఈ కడపటిదే నాకు ముఖ్యముగ దోచుచున్నది. తండ్రికి మోరివలన కూడు దొరకుట చూచిన కుమారుడు మోరి పట్టుకొనును. దొరకకపోవుట చూచినవాడు పట్టణమునకు కూలికి పోవును. ఫోనులో పాట మిగిలియుండవచ్చును గాని, చైత్రమున దేవతయెదుట ఊదుటకు ఫోను రాదు. ఊదువాడు కావలెను. ఆతని పాలు ఆతనికి ముట్టించు పూచీ దూరపు సభలకంటె ముందు ఊరి రచ్చబండమీద నున్నదని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాను.