తోడేళ్ల పేరున్న ఊరు

యూరప్ ఖండం నడిమధ్యలో స్లొవేకియా అనే చిన్న దేశం ఉంది. దాని చుట్టూ పోలండ్, చెక్, ఆస్ట్రియా, హంగరీ, ఉక్రెయిన్ దేశాలు ఉన్నాయి. స్లొవేకియాకు సముద్రం లేదు. కొండలూ అడవులూ ఎక్కువ. ఆ కొండల్లో ఒక చిన్న ఊరు ఉంది. దాని పేరు వల్కోలినెత్స్.

పేరు పలకటం కష్టంగా ఉందా? నెమ్మదిగా కూడబలుక్కుని చదవండి. వల్ - కో - లి - నెత్స్.

ఆ దేశం భాషలో 'వల్క్' అంటే తోడేలు. ఒకప్పుడు ఆ అడవుల్లో తోడేళ్లు బాగా తిరిగేవి. అందుకే ఊరికి ఆ పేరు వచ్చిందని చెప్తారు.

ఊరు ఎక్కడుంది?

కొండ కింద లోయలో వాహ్ అనే నది పారుతుంది. నది ఒడ్డున రుజొంబెరొక్ అనే పట్నం ఉంది. ఆ పట్నం నుంచి కొండెక్కితే ఈ ఊరు వస్తుంది. ఊరు సముద్ర మట్టానికి 718 మీటర్ల ఎత్తున ఉంది. ఊరి వెనక సిదొరొవో అనే కొండ నిలబడి ఉంటుంది.

అక్కడ చలి ఎక్కువ. చలికాలంలో మంచు కురిసి ఇళ్ల మీదా, పొలాల మీదా పేరుకుంటుంది. నేల వాలుగా ఉంటుంది. చదునైన పొలం తక్కువ. అందుకని అక్కడివాళ్లు కొండవాలులో సన్నని చెలకలు చేసుకున్నారు. గొర్రెల్నీ పశువుల్నీ మేపుకున్నారు. అడవిలో చెట్లు కొట్టే పనికి పోయారు.

ఇళ్లు ఎట్లా కట్టుకున్నారు?

చుట్టూ అడవే కాబట్టి కలపకు కొదవ లేదు. కింద రాళ్లతో పునాది వేస్తారు. దాని మీద చెట్ల దుంగల్ని ఒకదానిమీద ఒకటి అడ్డంగా పేరుస్తారు. అదే గోడ. చాలా ఇళ్ల గోడలకు మట్టి మెత్తి, పైన తెల్లగానో నీలంగానో రంగు వేస్తారు. కప్పు మీద పెంకులకు బదులు సన్నటి చెక్క పలకలు పరుస్తారు. కప్పు బాగా ఏటవాలుగా ఉంటుంది. దాంతో మంచు, వాన నీరు కిందికి జారిపోతాయి.

ఇళ్లన్నీ దారి పక్కన వరసగా ఉంటాయి. ఊరి మధ్యలోంచి చిన్న వాగు పారుతుంది. ఊళ్లో 1770 నాటి కలప గంటగోపురం ఉంది. 1860లో కట్టిన కలప బావి ఉంది. 1875లో కట్టిన చర్చి ఉంది.

ఊరు పడ్డ కష్టాలు

ఈ ఊరు చాలా పాతది. 1376 నాటి కాగితాల్లోనే దీని ప్రస్తావన కనిపిస్తుంది. అంటే ఆరు వందల ఏళ్ల పైమాటే. అప్పట్లో ఆ ప్రాంతం హంగరీ రాజుల ఏలుబడిలో ఉండేది. 1918లో చెకొస్లొవేకియా అనే కొత్త దేశం ఏర్పడింది. ఈ ఊరు అందులో భాగమైంది.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1944 ఆగస్టులో స్లొవేకియా ప్రజలు జర్మన్ నాజీల మీద తిరగబడ్డారు. ఈ కొండల్లోనూ పోరాటం జరిగింది. ఆ పోరాట కాలంలోనే జర్మన్ సైనికులు ఈ ఊళ్లో కొన్ని ఇళ్లను తగలబెట్టారు. కలప ఇళ్లు కదా, నిప్పు పడితే ఆగదు. అయినా ఊరు పూర్తిగా పోలేదు. చాలా ఇళ్లు మిగిలాయి.

కష్టం అంతటితో తీరలేదు. కొండమీద సేద్యంతో ఇల్లు గడవటం కష్టం. కింద పట్నంలో బట్టల మిల్లు, కాగితం మిల్లు వచ్చాయి. చదువు, ఆస్పత్రి, కొట్లు అన్నీ అక్కడే. పిల్లలు పెరిగి పట్నం బాట పట్టారు. ఒకప్పుడు వందల మంది ఉన్న ఊళ్లో ఇప్పుడు కొద్దిమందే కాపురం ఉంటున్నారు.

పాత ఇళ్లకు వచ్చిన పేరు

చుట్టుపక్కల చాలా ఊళ్లలో జనం పాత ఇళ్లు పడగొట్టి ఇటుకలతో కొత్తవి కట్టుకున్నారు. మూలనున్న ఈ ఊళ్లో మాత్రం పాత ఇళ్లు అట్లాగే నిలిచాయి. 1977లో ప్రభుత్వం ఈ ఊరిని కాపాడవలసిన ఊరుగా ప్రకటించింది. 1993 జనవరి 1న స్లొవేకియా విడి దేశమైంది. అదే ఏడాది యునెస్కో సంస్థ ఈ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 45 దాకా కలప కట్టడాలు ఒకేచోట చెక్కుచెదరకుండా ఉండటమే అందుకు కారణం. ఒక ఇంటిని మ్యూజియం చేశారు. పాతకాలం రైతు కుటుంబం ఎట్లా బతికిందో అందులో చూడవచ్చు.

పేరు వచ్చాక ఎక్కడెక్కడి నుంచో జనం చూడటానికి వస్తున్నారు. దీనితో మేలూ ఉంది, చిక్కూ ఉంది. ఇళ్లు బాగుచేయటానికి సాయం దొరుకుతుంది. కానీ ఇష్టమొచ్చినట్టు ఇల్లు మార్చుకోవటానికి వీల్లేదు. చెక్క పాడైతే మళ్లీ చెక్కే వేయాలి. వచ్చినవాళ్లలో కొందరు కిటికీల్లోంచి ఇళ్లలోకి తొంగి చూస్తారు. అడక్కుండా పెరట్లోకి వస్తారు. లోపల మనుషులున్నారు, అన్నం తింటున్నారు అన్న సంగతి మరిచిపోతారు.

ఇల్లు నిలవాలంటే గోడలూ కప్పూ ఉంటే చాలదు. పొయ్యి వెలిగించే మనిషి ఉండాలి. కప్పు కారితే నిచ్చెన వేసుకుని ఎక్కే మనిషి ఉండాలి. వల్కోలినెత్స్‌లో ఇళ్లను కాపాడే దారి దొరికింది. మనుషులు అక్కడే ఉండి బతికే దారి ఇంకా వెతుక్కోవాలి.

అందరూ కలిసి మాట్లాడుకోండి

1. ఈ ఊళ్లో ఇంటి కప్పులు ఎందుకు ఏటవాలుగా ఉంటాయి?
2. జనం ఊరు విడిచి ఎందుకు వెళ్లారు?
3. ఊరికి పేరు రావటం వల్ల మేలు ఏమిటి? చిక్కు ఏమిటి?
4. మీ ఊళ్లో అన్నిటికన్నా పాత కట్టడం ఏది? దాన్ని ఎవరు చూసుకుంటున్నారు? పెద్దల్ని అడిగి నాలుగు వాక్యాలు రాయండి.