“అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

రాత్రి తొమ్మిదిన్నర. రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో ఒకమ్మాయి ఫోన్‌లో మెయిల్ టైప్ చేస్తోంది. రాసిందంతా చెరిపేసి మళ్లీ రాస్తోంది. నాలుగు నెలల కిందట ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్లినప్పుడు మేనేజర్ తనతో ఎలా ప్రవర్తించాడో ఇప్పటికి చెప్పగలుగుతోంది. పంపితే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఏమిటో కూడా ఆమెకి తెలుసు... “అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

ఈ అమ్మాయి మనం ఊహించుకున్న మనిషే. కానీ మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ క్యాబిన్‌లోనైనా ఉండొచ్చు.

చట్టం ఏమంటోంది?

మనం ‘పాష్’ అని పిలిచే చట్టం 2013 డిసెంబర్ 9 నుంచి అమల్లో ఉంది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి ఆఫీసులోనూ ఇంటర్నల్ కమిటీ ఉండాలి. దానికి సీనియర్ ఉద్యోగిని అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో సగానికి తగ్గకుండా మహిళలుండాలి. కంపెనీకి సంబంధం లేని వ్యక్తి ఒకరు తప్పనిసరి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. కంపెనీ క్యాబ్, పని మీద వెళ్లిన ఊరు కూడా ‘పనిచేసే చోటు’ కిందికే వస్తాయి.

పది మంది కూడా లేని స్టార్టప్పా? ఫిర్యాదు నేరుగా యజమాని మీదేనా? అప్పుడు జిల్లా స్థాయిలో ఉండే లోకల్ కమిటీకి వెళ్లాలి.

కాగితం మీద అంతా బాగానే ఉంది. చిక్కల్లా గడువు దగ్గరే. ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. వేధింపు పదేపదే జరిగితే చివరి ఘటన నుంచి లెక్క. ఇవ్వలేని పరిస్థితి ఉందని కమిటీ నమ్మితే, కారణం రాసి ఇంకో మూడు నెలల దాకా పొడిగించొచ్చు. అంటే మన అమ్మాయికి తలుపు ఇంకా మూసుకుపోలేదు. కానీ ఆ తలుపు తీయాల్సింది కమిటీయే.

ఆ గడువూ దాటితే? 2025 సెప్టెంబర్‌లో కోల్‌కతా న్యాయ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు ఒక అధ్యాపకురాలి ఫిర్యాదు గడువు దాటి వచ్చిందని తేల్చింది. విచారణ ముందుకు సాగలేదు. అయినా ఆరోపణ ఎదుర్కొన్న వైస్ ఛాన్సలర్ రెజ్యూమెలో ఆ తీర్పును చేర్చాలని ఆదేశించింది.

సైన్యం నేర్పిన పాఠం

ఆలస్యం అంటే అబద్ధమేనా? ఈ ప్రశ్న మన ఐటీ కారిడార్‌లోనే కాదు, అమెరికా సైన్యంలోనూ ఉంది. అక్కడ సర్వీసులో లైంగిక దాడికి గురైనవాళ్లు, ఆ మానసిక గాయానికి పరిహారం కోరుతూ తర్వాత మాజీ సైనికుల శాఖకు క్లెయిమ్ పెట్టుకుంటారు. పై అధికారి మీద ఫిర్యాదు చేస్తే ఉద్యోగమే పోతుందన్న భయంతో చాలామంది అప్పట్లో నోరు విప్పరు. కాబట్టి రికార్డుల్లో ఏమీ ఉండదు.

అందుకే అక్కడి నిబంధనలు పరోక్ష ఆధారాలను చూడమంటాయి. ఉన్నట్టుండి బదిలీ అడిగారా? పనితీరు పడిపోయిందా? ఇంట్లోవాళ్లకో, రూమ్మేట్‌కో, కౌన్సెలర్‌కో చెప్పుకున్నారా? రూల్ మంచిదే, కానీ దాన్ని పాటించాలిగా! 2017లో ఆరు నెలల కాలంలో తిరస్కరించిన సుమారు 2,700 క్లెయిముల్లో దాదాపు 1,300 సరిగ్గా పరిశీలించనివేనని ఆ శాఖ తనిఖీ విభాగమే 2018లో అంచనా వేసింది. ఈ కేసులు చూడటానికి ప్రత్యేక శిక్షణ ఉన్న సిబ్బందిని కేటాయించకపోవడం ఒక ముఖ్య కారణమని చెప్పింది.

మన కమిటీలు ఏం చేయొచ్చు?

ఇక్కడ కమిటీకి సివిల్ కోర్టుకున్నట్టే సాక్షుల్ని పిలిచే అధికారం, కాగితాలు తెప్పించే అధికారం ఉన్నాయి. టీమ్ మార్చమని పెట్టిన మెయిల్, వరసగా పెట్టిన సిక్ లీవులు, హఠాత్తుగా తగ్గిన అప్రైజల్ రేటింగ్, అర్ధరాత్రి స్నేహితురాలికి పంపిన వాట్సాప్ మెసేజ్... వీటిలో ఏ ఒక్కటీ నేరాన్ని రుజువు చేయదు. కానీ అన్నీ ఒకే తేదీ చుట్టూ కనిపిస్తే కమిటీ ఆగి ఆలోచించాలి. అవతలి మనిషి వాదనా పూర్తిగా వినాలి. “ఎందుకు చెప్పలేదు?” అని కాకుండా “చెప్పడానికి ఏం అడ్డొచ్చింది?” అని అడిగితే చాలు, జవాబు మారిపోతుంది. ఆ జవాబే గడువు పొడిగింపునకు కారణం కూడా అవుతుంది.

మీరు చేయగలిగింది

చెప్పాలా వద్దా అని తేల్చుకోకముందే తేదీ, చోటు, ఎవరున్నారు అన్నది రాసి పెట్టుకోండి. స్క్రీన్‌షాట్లు దాచుకోండి, కానీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రమే వద్దు. విచారణ నడిచేటప్పుడు టీమ్ మార్పు గానీ, మూడు నెలల దాకా సెలవు గానీ అడిగే హక్కు మీకుంది. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు అయిపోదని చట్టమే చెబుతోంది. కేంద్రం నడిపే షీ-బాక్స్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. పోలీసుల దగ్గరికి వెళ్లే దారి ఎప్పుడూ వేరుగా ఉంటుంది. సలహా కోసం 181కి ఫోన్ చేయొచ్చు.

మీ స్నేహితురాలు ఎప్పుడైనా మీతో ఇలాంటిది చెప్పుకుంటే, “ఇన్నాళ్లూ ఏం చేశావ్?” అనకండి. ఆమె మాట విని, ఆ రోజు తేదీ మీరూ రాసి పెట్టుకోండి. రేపు కమిటీ ముందు ఆమె తరఫున నిలబడే ఆధారం అదే కావచ్చు.