తరగతిలో మాట ఎవరిది, రాత ఎవరిది? ఆన్‌లైన్ చర్చలపై కొన్ని ఆలోచనలు

డిగ్రీ తరగతిలో అధ్యాపకుడు 'దీని మీద మీ అభిప్రాయం చెప్పండి' అనగానే లేచే చేతులు ఎవరివో మనకు తెలుసు. నలుగురిలో మాట్లాడటం, పెద్దవాళ్ళను ఎదురు ప్రశ్నించడం ఇంట్లోనే అలవాటైన పిల్లలవి, కాన్వెంటు ఇంగ్లీషు వచ్చినవాళ్ళవి. వాడ నుంచి, తండా నుంచి మొదటి తరంగా చదువుకొస్తున్నవాళ్ళు తల దించుకొని కూర్చుంటారు. మేమూ అట్లా కూర్చున్నవాళ్ళమే. చెప్పడానికి ఏమీ లేక కాదు. నోరు తెరిస్తే యాస బయటపడుతుంది, యాస వెంట ఊరు, ఊరి వెంట కులం బయటపడతాయి. ఈ మౌనానికి మా అధ్యాపకులు 'చొరవ లేకపోవడం' అని పేరు పెట్టారు. మార్కులూ అట్లాగే వేశారు.

2020లో కరోనాతో కాలేజీలు మూతపడ్డాక ఆన్‌లైన్ రాత చర్చ మన దగ్గరా చాలా తరగతుల్లోకి వచ్చింది. అంతకు ముందే 2017లో మొదలైన స్వయం కోర్సుల్లో వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, స్వీయ పరీక్షలతో పాటు చర్చను కూడా ఒక భాగంగా పెట్టారు. పద్ధతి సులువైనదే. వారానికో ప్రశ్న ఇస్తారు. ప్రతి విద్యార్థీ ఒక పేరా రాసి తెర మీద పెట్టాలి, తోటివాళ్ళు రాసిన రెండింటికి జవాబు రాయాలి. మరి ఇది మౌనంగా ఉన్న బెంచీలకు ఏమన్నా మేలు చేస్తుందా? మా సమాధానం: చేస్తుంది, కానీ తనంతట తాను చెయ్యదు.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో చూస్తే మన ప్రశ్న ఇంకా స్పష్టమవుతుంది. అమెరికాలో వాషింగ్టన్ నగరంలో బధిరుల కోసం గాలొడెట్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ 1985లో ట్రెంట్ బాట్‌సన్ అనే అధ్యాపకుడు ఇంగ్లీషు రాత తరగతిలో కంప్యూటర్లను ఒకదానికొకటి కలిపి, విద్యార్థుల చేత మాటలకు బదులు రాతలోనే చర్చ చేయించాడు. ఆ విద్యార్థుల్లో చాలామంది మాట్లాడుకునేది సంజ్ఞల భాషలో. ఇంగ్లీషు వాళ్ళకు బడి భాష, పరీక్ష భాష, తప్పులు దిద్దించుకునే భాష. అదే ఇంగ్లీషులో ఒకరినొకరు ఆటపట్టించుకోవచ్చు, వాదించుకోవచ్చు, ఎదుటివాణ్ణి ఒప్పించవచ్చు అన్న అనుభవాన్ని ఈ తరగతి వాళ్ళకిచ్చింది. అంటే ఈ పద్ధతి పుట్టిందే తరగతిలో మాట అందనివాళ్ళ కోసం. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి అయిన మనకు ఇది దూరపు సంగతి కాదు గదా!

తర్వాత టెక్సస్ విశ్వవిద్యాలయంలోనూ ఇట్లాంటి తరగతులు నడిచాయి. వాటి గురించి లెస్టర్ ఫెయిగ్లీ 1992లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. మామూలు తరగతిలో నోరు విప్పనివాళ్ళు ఇక్కడ రాశారు. అధ్యాపకుడి పెత్తనం తగ్గింది. అయితే మారుపేర్లతో రాసినప్పుడు చర్చ వెక్కిరింతల్లోకి, దురుసు మాటల్లోకి దిగిన సందర్భాన్నీ ఆయన దాచలేదు. ఆన్‌లైన్ చర్చల్లో కూడా మగవాళ్ళే ఎక్కువగా, పొడుగ్గా రాస్తున్నారనీ, ఆడవాళ్ళు ఎత్తిన విషయాలకు జవాబులు తక్కువగా వస్తున్నాయనీ 1990లలో సూసన్ హెరింగ్ పరిశోధనలు చూపాయి. తెర వచ్చినంత మాత్రాన పెత్తనం పోదు. అది చోటు మార్చుకుంటుంది.

మన దగ్గర ఆ పెత్తనం పేరులోనే ఉంది. తెర మీద మొహం కనపడకపోయినా ఇంటిపేరు, పేరు చివరి తోక కనపడతాయి. ఎవరి రాతకు పది జవాబులు వస్తాయి, ఎవరి రాత ఒంటరిగా మిగిలిపోతుంది అన్నది అక్కడే తేలిపోతుంది. అట్లాగని పూర్తిగా మారుపేర్లు పెడితే 'రిజర్వేషన్ సీటు' అని ఎకసెక్కాలాడేవాడికి ముసుగు దొరుకుతుంది. మాకు తోచిన మధ్యేమార్గం ఇది: మొదటి కొన్ని వారాలు తోటి విద్యార్థులకు ఒక సంఖ్య మాత్రమే కనపడాలి. ఎవరు ఏది రాశారో అధ్యాపకుడికి తెలియాలి. జవాబు రాని పేరా ఒక్కటి కూడా మిగలకుండా ఆయన చూసుకోవాలి. ఇంకొక మాట. వరండాలో అన్న కులం మాట గాలిలో కలిసిపోతుంది. తెర మీద రాసింది నిలిచి ఉంటుంది, కాబట్టి 'నేనట్లా అనలేదు' అని తప్పించుకోవడం కుదరదు.

చర్చ రాతను ఎట్లా నేర్పుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. 'పని అంటే ఏమిటి?' అన్నది ఆ వారం ప్రశ్న. ఒక అమ్మాయి ఇట్లా రాసిందనుకుందాం: 'మా అమ్మ పొద్దుగాల నాట్లకు పోతది, పొద్దుగూకినంక వస్తది. వచ్చినంక ఇంట్ల చేసేదానికి కూలి లేదు. దాన్ని పని అంటరా, అనరా?' దీని కింద 'బాగుంది' అని రాస్తే అది జవాబు కాదు, దానికి మార్కు ఇవ్వకూడదు. 'ఇంటి పని ప్రేమతో చేసేది, దానికి కూలేంటి?' అని ఒకరు ఎదురు తిరగాలి. 'నాట్లకు ఆడవాళ్ళకెంత, అదే పొలంలో మగవాళ్ళకెంత?' అని ఇంకొకరు అడగాలి. అప్పుడు ఆ అమ్మాయి ఇంటికి పోయి తల్లిని అడుగుతుంది. కూలి లెక్క తెచ్చి చెబుతుంది. ప్రేమ అన్న వాదానికి బదులు వెతుక్కుంటుంది. ప్రతిపాదన, ఆధారం, ఎదుటి వాదం, దానికి సమాధానం... వ్యాసం అంటే ఇదే గదా! గైడులో దొరకని వ్యాసం ఇది. ఇందులో ఆధారం చూపింది నాట్లేసే తల్లి. చదువురాని మన తల్లుల మాట విశ్వవిద్యాలయ రాతలోకి సాక్ష్యంగా రావడం చిన్న విషయం కాదు.

మరి ఆ భాష సంగతేంటి? 'పొద్దుగూకినంక' మీద ఎర్రసిరా గీత పెడితే ఆ అమ్మాయి మళ్ళీ రాయదు. విద్యార్థులకు తమ సొంత భాష మీద హక్కుందని 1974లో అమెరికాలోని కాలేజీ రాత అధ్యాపకుల సంఘం తీర్మానించింది. చర్చలో ఆ హక్కు నిలవాలి. యాసలో రాసినా, తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా ఒప్పుకోవాలి. కానీ అక్కడే వదిలేస్తే అది మోసం. అధికారంలో ఉన్నవాళ్ళ భాషా నియమాలను పేద పిల్లలకు, నల్లజాతి పిల్లలకు విప్పి చెప్పి నేర్పకపోతే నష్టపోయేది వాళ్ళేనని లీసా డెల్పిట్ 1988లో వాదించింది. పరీక్ష పేపరు దిద్దేవాడు మన యాసకు మార్కులెయ్యడు. పైగా ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువును ఇంగ్లీషు మీడియంలోకి మార్చారు. అందుకని రెండు మెట్లు కావాలి. చర్చలో మార్కులు ఆలోచనకే. ఆ చర్చ నుంచి వ్యాసం రాసేటప్పుడు మాత్రం ఏ వాక్యాన్ని ఎట్లా మార్చాలో, ఎందుకు మార్చాలో పక్కన కూర్చోబెట్టుకొని నేర్పాలి. ఏ మాటను మార్చకుండా నిలుపుకోవాలో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి.

ఇక ఫోను సంగతి. ఇంటికంతా ఒకే ఫోను, అదీ నాన్న పనికి తీసుకుపోతే, రాత్రి పదకొండు గంటల గడువు ఎవరిని శిక్షిస్తుంది? గడువు రోజుల్లో ఉండాలి, గంటల్లో కాదు. కాలేజీ ల్యాబు సాయంత్రం తెరిచి ఉంచాలి. కాగితం మీద రాసిచ్చినా తీసుకొని తెర మీద పెట్టే ఏర్పాటు ఉండాలి. ఇవి లేకుండా 'అందరికీ సమాన అవకాశం ఇచ్చాం' అనడం, ఊరి బావి అందరిదీ అని చెప్పి చేద ఇవ్వకపోవడం లాంటిది.

మాకు ఆ రోజుల్లో రాత చర్చ ఉండి ఉంటే మాట్లాడేవాళ్ళమా? చెప్పలేం. రాసేవాళ్ళమేమో. రాసినదానికి ఒక్కరు జవాబిచ్చినా మరుసటి వారం తలెత్తి కూర్చునేవాళ్ళం. ఇవాళ తరగతుల్లోకి పోతున్న మన పరిశోధకులు, గెస్టు అధ్యాపకులు ఈ పని చేతిలోకి తీసుకోవాలి. యంత్రం కాలేజీ కొంటుంది. ప్రశ్న ఎవరి బతుకు నుంచి రావాలో మాత్రం మనమే తేల్చాలి.