సైకిలుకు స్నానం

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని పెద్దలు అంటూ ఉంటారు. సైకిలు విషయంలో ఈ సామెత చెల్లదు. వానాకాలంలో బురద, వేసవిలో దుమ్ము, సముద్రతీరాన ఇసుక తొక్కకుండా ఏ సైకిలూ ఇల్లు చేరదు. కనుక మనం కాళ్లు కడుక్కున్నట్టే సైకిలును కూడా కడగాలి.

అయితే చాలామంది పిల్లలు సైకిలును ఎట్లా కడుగుతారు? పంపు దగ్గరికి నడిపించుకుపోయి, రెండు బకెట్ల నీళ్లు పైనుంచి గుమ్మరిస్తారు. రంగు తళతళ మెరుస్తుంది. "ఎంత శుభ్రంగా ఉందో!" అనుకుని, దాన్ని గోడకు చేర్చి ఆటకు పోతారు. వారం తిరిగేసరికి చైను కిర్రుకిర్రుమంటుంది. దాన్ని ముట్టుకుంటే వేలికి ఎర్రని పొడి అంటుతుంది. "రోజూ కడుగుతూనే ఉన్నానే, ఎందుకిట్లా అయింది?" అని అప్పుడు ఆశ్చర్యపోతారు.

ఆ సైకిలు పాడైంది కడగనందువల్ల కాదు, కడిగి అట్లాగే వదిలేసినందువల్ల. నీరు మురికిని పోగొడుతుంది. ఆ నీటిని మనం పోగొట్టకపోతే, అదే నీరు ఇనుమును తినేస్తుంది.

తుప్పు ఎట్లా పడుతుంది?

గాలిలో ఆమ్లజని, అంటే ఆక్సిజను, ఉన్నదని మీకు తెలుసు. ఇనుము, నీరు, ఆమ్లజని మూడూ ఒకచోట చేరితే తుప్పు పుడుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా పుట్టదు. నీటిలో ఉప్పు కూడా ఉంటే తుప్పు మరింత త్వరగా పడుతుంది. అందుకే విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఇనుపసామానుకు తుప్పు బాధ ఎక్కువ.

తుప్పుకు మరొక దుర్గుణం ఉంది. అది తాను తిన్న ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కనుక ఉబ్బి, పెచ్చులుగా రాలిపోతుంది. పెచ్చు రాలితే లోపలి కొత్త ఇనుము బయటపడుతుంది. మళ్లీ దానికీ తుప్పు పడుతుంది. అల్యూమినియం అట్లా కాదు. దాని మీద ఏర్పడే పలచని పొర దాన్నే అంటిపెట్టుకుని కవచంలాగా కాపాడుతుంది. ఈ రోజుల్లో కొన్ని సైకిళ్ల చట్రాలు, చక్రాల రిమ్ములు అల్యూమినియంతో చేస్తున్నారు. అయినా చైను, చువ్వలు, మరలు మాత్రం సాధారణంగా ఉక్కువే. ఉక్కంటే ముప్పాతిక మువ్వీసం ఇనుమే గదా!

మీరే చేసి చూడండి

నాలుగు గాజుగ్లాసులు, నాలుగు మామూలు ఇనుపమేకులు తీసుకోండి. జింకు పూత పూసిన తెల్లమేకులు ఇందుకు పనికిరావు. మొదటి గ్లాసులో పొడిమేకు వేసి మూత పెట్టండి. అమ్మనడిగి, బాగా కాచి గోరువెచ్చగా చల్లార్చిన నీళ్లు రెండో గ్లాసులో పోయించుకోండి. అందులో మేకు మునిగేటట్టు వేసి, పైన రెండు చెంచాల నూనె పొయ్యండి. కాచినప్పుడు నీటిలోని గాలి పోతుంది. నూనె మళ్లీ గాలిని లోపలికి రానివ్వదు. మూడో గ్లాసులో మామూలు నీళ్లు పోసి, మేకు సగం మునిగేటట్టు నిలబెట్టండి. నాలుగో దానిలో కూడా అట్లాగే చేసి, రెండు చెంచాల ఉప్పు కలపండి.

నాలుగైదు రోజులు పోయాక చూడండి. మొదటి రెండు మేకులూ ఇంచుమించు ఉన్నట్టే ఉంటాయి. మూడో మేకు, నాలుగో మేకు ఎర్రబారతాయి. కడిగి తుడవని మీ సైకిలు మూడో గ్లాసులోని మేకువంటిదే.

చైనులో ఏముంది?

సైకిలులో ఎక్కువ శ్రమపడేది చైను. ఇప్పుడు మనం చూసే రకం చైనును హాన్స్ రెనోల్డ్ అనే ఆయన ఇంగ్లండులోని మాంచెస్టరులో 1880లో తయారుచేశాడు. పళ్లచక్రం మీద జారిపోకుండా, రాపిడి తక్కువగా తిరగటానికి అందులో ప్రతి లంకెకూ ఒక చీల, దాని చుట్టూ తిరిగే చిన్న ఉంగరం ఉంటాయి. ఒక చీలకూ తరువాతి చీలకూ మధ్య దూరం సరిగ్గా అర అంగుళం.

ఈ సందుల్లోకి ఇసుక, దుమ్ము చేరి నూనెతో కలిస్తే ఏమవుతుంది? అది నల్లని ముద్దగా మారి, గరుకు కాగితంలాగా చీలలను అరగదీస్తుంది. ఒక్కొక్క చీల దగ్గర మిల్లీమీటరులో పదోవంతు అరిగిందనుకుందాం. అది కంటికి ఆనదు. కాని చైనులో 110 లంకెలుంటే, మొత్తం 11 మిల్లీమీటర్లు! "చైను సాగింది" అని సైకిలు షాపువాళ్లు అనేది ఇదే. నిజానికి ఇనుము సాగలేదు, చీలలు అరిగాయి. ఇట్లాంటి చైను పళ్లచక్రం మీద కుదురుగా కూర్చోదు. లారీలు, బస్సులు తిరిగే రోడ్డు మీద అది ఊడివస్తే ఎంత ప్రమాదమో ఆలోచించండి.

కడిగే పద్ధతి

ఒక బకెట్టు నీళ్లు, చెంబు, రెండు మూడు పాతగుడ్డలు, పారేసిన పళ్ల బ్రష్షు సిద్ధం చేసుకోండి. సబ్బునీళ్లుగాని, కుంకుడుకాయల రసంగాని చాలు. చైనుకు వాడే గుడ్డ వేరు, మిగతా సైకిలుకు వాడే గుడ్డ వేరు. ఈ మాట మరిచిపోకండి. కారణం తరువాత చెబుతాను.

సైకిలును నీడలో స్టాండు వేసి నిలబెట్టండి. బురద ఎండి ఉంటే దాన్ని పొడిగుడ్డతో రుద్దవద్దు. అందులోని ఇసుకరేణువులు రంగును గీరేస్తాయి. ముందు చెంబుతో నీళ్లు పోసి నాననివ్వండి. నల్లరేగడి నేలల్లో ఉండేవాళ్లకు మరొక ఇబ్బంది ఉంది. ఆ మట్టి మడ్‌గార్డు కింద గట్టిగా ఇరుక్కుని, ఎండిందంటే రాయిలాగా అయిపోతుంది. అది తడిగా ఉన్నప్పుడే వెదురుపుల్లతో తోసెయ్యాలి.

తరువాత హ్యాండిలు, సీటు, చట్రం, చక్రాలు ఈ వరసలో పైనుంచి కిందికి కడగండి. గొట్టంతో నీటిధారను వేగంగా ఇరుసుల మీదకు, పెడళ్ల నడిమి భాగం మీదకు కొట్టవద్దు. వాటి లోపల గ్రీజులో చిన్న చిన్న ఉక్కుగుండ్లు తిరుగుతూ ఉంటాయి. లోపలికి దూరిన నీరు ఒక పట్టాన బయటికి రాదు. గుండ్లకు తుప్పు పడుతుంది.

చివరన చైను. గుడ్డతోను, బ్రష్షుతోను మురికి తుడవండి. ఇక్కడ ఎంతో జాగ్రత్త కావాలి సుమా! చైను తిరుగుతూ ఉండగా దాన్ని తుడవరాదు. గుడ్డనూ వేళ్లనూ పళ్లచక్రం ఒక్క క్షణంలో లాక్కుంటుంది. పెడలును కొంచెం తిప్పి, ఆపి, కనిపించినంత భాగం తుడవండి. మళ్లీ తిప్పి, ఆపి, మరికొంత తుడవండి. చిన్నపిల్లలు ఈ పని పెద్దవాళ్లు దగ్గర ఉన్నప్పుడే చెయ్యాలి.

కడగటం అయింది. అసలు పని ఇప్పుడు ఉంది. సైకిలును రెండుసార్లు కాస్త ఎత్తి మెల్లగా నేలకు తట్టండి. సందుల్లోని నీళ్లు రాలిపోతాయి. పొడిగుడ్డతో చువ్వల మొదళ్లు, మరల చుట్టూ, సీటు కింద, చైను తుడవండి. తరువాత పది నిమిషాలు గాలికి ఆరనివ్వండి. రోజంతా మండుటెండలో మాత్రం ఉంచవద్దు. టైర్ల రబ్బరు పగుళ్లిస్తుంది.

నూనె ఎక్కడ? ఎక్కడ కాదు?

ఇనుము మీద ఇనుము రాసుకునే చోట నూనె కావాలి. చైను ప్రతి లంకెకూ ఒక్కొక్క చుక్క వెయ్యండి. కుట్టుమిషను నూనెగాని, సైకిలు షాపులో అమ్మే చైను నూనెగాని సరిపోతుంది. వంటనూనె వద్దు, అది పోనుపోను జిగటగా మారి దుమ్మును పట్టుకుంటుంది. ఐదు నిమిషాలు ఆగి, చైను పైన మిగిలిన నూనెను తుడిచెయ్యండి. నూనె ఉండవలసింది లోపల, పైన కాదు.

రబ్బరు పట్టుకోవలసిన చోట నూనె అసలు తగలకూడదు. చక్రాల రిమ్ములను బ్రేకు రబ్బర్లు రాపిడితోనే ఆపుతాయి. అక్కడ నూనె అంటితే రబ్బరు జారుతుంది, సైకిలు ఆగదు. చైను తుడిచిన గుడ్డతో రిమ్ము తుడవవద్దని చెప్పింది ఇందుకే. డిస్కుబ్రేకులున్న సైకిలుకైతే ఆ ఇనుపబిళ్ల మీద కూడా నూనె పడకూడదు.

కడుగుతూ కడుగుతూ కళ్లు తెరుచుకుని చూస్తే మరొక మేలు ఉంది. టైరులో దిగిన తుమ్మముల్లు, గాజుపెంకు కనబడతాయి. వదులైన చువ్వ వేలితో మీటితే మిగతావాటిలాగా మోగదు. అరిగిపోయిన బ్రేకు రబ్బరు, తెగబోతున్న బ్రేకుతీగ, ఊడబోతున్న మర బయటపడతాయి. ఇవి మురికి కింద దాగి ఉన్నంతకాలం మనకు తెలియవు. మీకు బాగుచెయ్యటం రాకపోతే సైకిలు షాపుకు తీసుకుపోండి.

పెద్దలకొక మాట. ఇంట్లో సైకిలు ఒకటే ఉంటే, ఉదయం దాని మీద అమ్మాయి బడికి పోతుంది, సాయంత్రం నాన్న బజారుకు పోతాడు. దాన్ని కడిగే పని అందరూ కలిసి చెయ్యటం మంచిది. రోజూ నీళ్లు పొయ్యనక్కర లేదు. దుమ్ము పడ్డరోజున పొడిగుడ్డ చాలు. వానలో తడిసినా, బురదలో తిరిగినా కడగండి. సముద్రపు ఒడ్డున తొక్కిన సైకిలును మాత్రం ఆ సాయంత్రమే మంచినీళ్లతో కడిగి తీరాలి.

అంతా అయ్యాక, వెంటనే ఎక్కి వీధిలోకి ఉరకవద్దు. రిమ్ములు తడిగా ఉంటే బ్రేకు సరిగా పట్టదు. సైకిలును పక్కన నడిపిస్తూ పది అడుగులు వెయ్యండి. ముందు బ్రేకు నొక్కండి, తరువాత వెనక బ్రేకు నొక్కండి. రెండు చక్రాలూ చటుక్కున ఆగితే, అప్పుడు ఎక్కండి.