గుండెపోటు తరువాత సిస్టర్ చెప్పే మాటలు మన పెద్దలకు అర్థమవుతున్నాయా?

గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకుని, నాలుగైదు రోజుల్లో ఇల్లు చేరినవారు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. ఆసుపత్రి వైద్యం అంతటితో ముగుస్తుంది. ఆ తరువాత మాత్రలు, తిండి, నడక, ప్రమాద సూచనలను గుర్తుపట్టడం అన్నీ రోగి చేతిలో, ఇంటివారి చేతిలో ఉంటాయి. వాటిని నేర్పే పని ఎక్కువగా సిస్టర్లదే. డాక్టరు మంచం దగ్గర నిలిచేది కొద్ది నిమిషాలు. పూటపూటా మందులిచ్చేది, బి.పి. చూసేది, ఇంటికి వెళ్లే రోజున చీటీ విప్పి వివరించేది సిస్టరే.

ఈ చెప్పడం వల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందా అని కొందరు సభ్యులు అడుగుతుంటారు. ఉంటుంది. బెంగళూరు సెయింట్ జాన్స్ పరిశోధకులు మన దేశంలోని 14 ఆసుపత్రుల్లో 806 మంది రోగులతో జరిపిన అధ్యయనం 2016లో లాన్సెట్ వారి పత్రికలో వచ్చింది. అందులో చెప్పినవారు నర్సులు కూడా కారు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. ఏడాది పాటు వారు పలుమార్లు కలిసి బోధించిన రోగుల్లో 97 శాతం మంది మందులు సరిగా వాడారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో అది 92 శాతం. పొగ మానినవారు, వ్యాయామం చేసినవారు కూడా బోధన పొందినవారిలోనే ఎక్కువ.

మనకున్న చిక్కు వేరు. షోలాపూర్‌లో సిస్టర్ మరాఠీలో, హోసూరులో తమిళంలో, బళ్లారిలో కన్నడంలో, బరంపురంలో ఒడియాలో చెబుతారు. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. బజారు పనికి సరిపడా ఆ భాష మన పెద్దలకు వచ్చు, కానీ మందుల సంగతి వేరు. అర్థం కాకపోయినా మర్యాదకు తలూపుతారు. పక్కనున్న అబ్బాయి "సరే సిస్టర్" అనేస్తాడు. తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ ఉప్పును ఉప్పే అంటారు. అయినా ఎంత ఉప్పు, ఏ పదార్థంలో ఉప్పు అన్నది విడమరచి చెప్పించుకుంటేనే తెలుస్తుంది.

అందుచేత డిశ్చార్జికి ముందు ఈ అయిదు విషయాలు అడిగి తెలుసుకోవాలని మనవి.

1. మాత్రలు. స్టెంటు వేసినవారికి రక్తం గడ్డకట్టకుండా సాధారణంగా ఏడాది దాకా రెండు రకాల మాత్రలు ఇస్తారు. ఒళ్లు బాగుందని వాటిని మధ్యలో మానేస్తే స్టెంటులో గడ్డ ఏర్పడే ప్రమాదం ఉంది. పన్ను తీయించుకోవాలన్నా ముందు గుండె డాక్టరును అడగాలి.

2. నొప్పి మళ్లీ వస్తే. నాలుక కింద మాత్ర ఇచ్చి ఉంటే, కూర్చుని పెట్టుకోవాలి. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. ఆడవారిలో, షుగరు ఉన్నవారిలో ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, చెమటలు, దవడ లేక వీపు నొప్పిగా కూడా రావచ్చు. గ్యాసేలే అని సోడా తాగి పడుకోవడం ప్రాణం మీదికి తెస్తుంది.

3. తిండి. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక టీస్పూనుకు మించకుండా ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కూరలో తగ్గించి, ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు మామూలుగా తింటే లాభం లేదు.

4. నడక, పని. ఎప్పటినుంచి, ఎంతసేపు నడవాలి, మెట్లెక్కడం, బరువులెత్తడం, మగ్గం పని ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నవి మనిషిని బట్టి మారతాయి. మీ సంగతి మీరే అడగాలి.

5. పొగాకు. బీడీ, గుట్కా, జర్దా ఏదైనా పూర్తిగా మానాల్సిందే. "రోజుకు ఒకటే" అన్న సర్దుబాటు లేదు.

అడగడం ఒక ఎత్తు, అర్థమైందని తేల్చుకోవడం మరో ఎత్తు. మంచి సిస్టర్లు తాము చెప్పినదాన్ని రోగి చేతనే తిరిగి చెప్పిస్తారు. మన ఇంట్లో ఈ పని తెలుగులో చేయించాలి. "నాన్నా, రాత్రి ఏ మాత్ర? నొప్పి వస్తే ఏం చేస్తావు?" అని అడిగి, వారి నోటివెంట వచ్చేదాకా ఆగాలి. పిల్లలు తామే జవాబు చెప్పేస్తే ఆయనకు తెలిసిందో లేదో ఎవరికీ తెలియదు. పగటివేళ ఆయన ఒక్కరే ఇంట్లో ఉంటారు కదా.

ఇంకొక సంగతి. మందుల పట్టికను రెండు లిపుల్లో రాసుకోండి. మింగవలసిన తాతగారికి తెలుగు కావాలి. దుకాణానికి వెళ్లే మనుమడికి తెలుగు చదవడం రాకపోవచ్చు, అతనికి స్థానిక భాష కావాలి. మందు పేరు, ఎందుకు, ఏ పూట, ఎప్పటిదాకా అని నాలుగు గడులు చాలు. దాన్ని సిస్టర్‌కు చూపించి సరిచూపించుకున్నాకే ఆసుపత్రి గడప దాటండి. తెలుగు రాసేవారు ఇంట్లో లేకపోతే సంఘానికి కబురు చేయండి, మేము రాసిపెడతాము.